ఎదురుమాట వంతు

పొద్దున ఐదూ ముప్పావు. సన్న చినుకు. గొడుగు తీస్తే సిగ్గు, తియ్యకపోతే తడుపు అన్నట్టుంది. నాకేమో ఆకలి. ముందురోజు మధ్యాహ్నం తిన్నదే తిండి. కడుపులో పరిగెత్తే ఎలుకలు కూడా అలిసిపోయి ఒక మూల పడుకున్నాయి.

మా ఆసుపత్రి వెనక, బట్టలుతికే గది పక్కన ఆరు మెట్లుంటాయి. పైన కప్పేమీ లేదు. పనివాళ్ళం అందరం ఆ దారినే లోపలికి పోతాం. ఆ రోజు మూడో మెట్టు మీద ఒకావిడ కూర్చుని, ఆ చినుకులోనే, కాగితం పొట్లంలోంచి రొట్టె తుంచుకుని తింటోంది. ముందురోజే మగవాళ్ళ వార్డుకి పెద్ద నర్సుగా వచ్చిన మనిషి. నేను తల వంచుకుని పక్కనుంచి పోబోయాను.

"ఇదిగో, బండి తమ్ముడూ, ఆగు."

"నన్నేనా అమ్మా?"

"అమ్మేంటి? నీకూ నాకూ మహా అయితే నాలుగేళ్ళు తేడా. అక్కా అను. నిన్న సాయంత్రం పదకొండో నంబరు ముసలాయన్ని పైకి తెచ్చింది నువ్వే కదా? దారిలో ఏం చూశావ్?"

నాకు అర్థం కాలేదు. అప్పటికి పదమూడేళ్ళుగా ఆ ఆసుపత్రిలో రోగుల్ని పడుకోబెట్టే చక్రాల బండి తోస్తున్నాను. "తొయ్యి" అన్నవాళ్ళున్నారు, "తప్పుకో" అన్నవాళ్ళున్నారు, "ఎక్కడ చచ్చావ్" అన్నవాళ్ళకి లెక్కే లేదు. ఏం చూశావ్ అని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

"నేను చూసేదేముంటుందక్కా? తల వైపు నుంచి తోస్తాను. నాకు కనపడేది వాళ్ళ నడినెత్తి."

"సరే, నెత్తి చూసి ఏం తెలుసుకున్నావో అదే చెప్పు."

నవ్వొచ్చింది. నవ్వుతూనే చెప్పేశాను. మా లిఫ్టు నేలకీ వరండా నేలకీ రెండు వేళ్ళ ఎత్తు తేడా ఉంది. నేను దాన్ని లిఫ్టు గడప అంటాను. ఎంత మెల్లిగా దాటించినా బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. ఊరికే భయపడే మనిషి ఆ గడప రాకముందే అరుస్తాడు. కడుపులో నిజంగా ఏదో చెడినవాడు మాత్రం అక్కడ అరవడు. ఊపిరి బిగపడతాడు. అప్పటిదాకా వాగిన నోరు ఠక్కున మూసుకుంటుంది. ఆ ముసలాయనా అలాగే మూసుకున్నాడు.

ఆవిడ తినడం ఆపేసింది. "ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారక్కా?"

ఉన్న రొట్టెని సగానికి తుంచి నా చేతిలో పెట్టింది. "తిను. ఆకలి నీ మొహం మీద పెద్దక్షరాలతో రాసుంది" అని లేచి గబగబా లోపలికి పోయింది. ముసలాయన్ని ఆ పూటే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఆ సగం రొట్టె రుచి ఇవాళ్టికీ నా నాలిక మీద ఉంది. అంత రుచిగల రొట్టె కాదది. అయినా ఉంది.

ఆమెని అందరూ రబ్బరక్క అనేవారు. ఎందుకో చెప్పాలంటే ముందు చుక్క సంగతి చెప్పాలి.

మా ఆసుపత్రిలో రోగి కాగితాల పైన, కుడి మూల, పెన్సిల్‌తో సన్న చుక్క పెట్టే అలవాటుంది. పుస్తకాల్లో ఎక్కడా లేదు, ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ వచ్చు. చుక్క ఉందంటే "ఇతను నాటకాల మనిషి", లేదా "తాగుబోతు", లేదా "మాటిమాటికీ వచ్చే బాపతు, పట్టించుకోనక్కర్లేదు" అని. ఒక చేయి పెడుతుంది, తర్వాత డ్యూటీకొచ్చినవాళ్ళు చూస్తారు. చూశాక కళ్ళు రోగి మీద నుంచి జారిపోతాయి. అంతే. ఒక్కమాట అనక్కర్లేదు.

అక్క జేబులో పిల్లలు వాడే రబ్బరు ముక్క ఒకటి ఉండేది. డ్యూటీ ఎక్కగానే చేసే మొదటి పని, ఇరవై నాలుగు మంచాల కాగితాలూ తిరగేసి చుక్కలు చెరిపెయ్యడం. తుడిచేటప్పుడు నోట్లో ఏదో కూనిరాగం తీసేది. దేవుడు ఆమెకి గొంతు ఇవ్వలేదు, ఆ సంగతి ఆమెకి చెప్పనూ లేదు. "రబ్బరక్కా, మా ఇంటావిడ నాకు పెట్టిన చుక్క కూడా కాస్త చెరిపెయ్యవా" అని ఎగతాళి చేసేవాడు మందుల కొట్టు గుమాస్తా. "నీకు పెట్టింది చుక్క కాదు నాయనా, గుండుసున్నా" అనేది.

అలాగని ఆమె వెన్న ముద్దేమీ కాదు. మొండిది. బట్టలుతికే ఆవిడతో దుప్పట్ల గురించి రోజూ గొడవే, ఇద్దరి గొంతులూ గేటు దాకా వినపడేవి. కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని వార్డంతా వెతికేది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేది, ఆ చప్పుడు వినగానే మూలుగుతున్నవాళ్ళు కూడా సర్దుకుని పడుకునేవారు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక రెండు గదుల్లో తల్లితో ఉండేది. తల్లికి చూపు ఆనదు. రోజూ ఇంటికి పోగానే వార్డులో జరిగిందంతా ఆ ముసలామెకి పూస గుచ్చినట్టు చెప్పాలట. ఒకసారి నేను మందుల పెట్టె మోసుకెళ్తే ఆ ముసలామె నా చెయ్యి తడిమి, "నువ్వేనా గడప అబ్బాయివి?" అంది. ఆ ఇంట్లో నా గురించి మాట్లాడుకుంటున్నారని తెలిసి, నలభై దాటిన మగాణ్ణి, తిరిగొచ్చేటప్పుడు దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ మెట్ల మీదే ఒకరోజు అడిగాను, ఈ రబ్బరు పిచ్చేమిటక్కా అని.

రబ్బరు తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత చెప్పింది. "పనిలో చేరిన మొదటి ఏడు. కత్తులకి సాన పట్టేవాడు ఒకడు తరచుగా వచ్చేవాడు. తల తిరుగుతోంది అనేవాడు. మెత్తటి మంచం కోసం వస్తున్నాడు అనుకున్నాం. చుక్క నేనే పెట్టా. బాగా గుర్తు, పెట్టి నవ్వా కూడా. మూడో రోజు పొద్దున చూస్తే, దుప్పటి ముడత చెదరకుండా పోయాడు."

రొట్టె పొట్లం మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఎవరికీ చెప్పలేదు తమ్ముడూ, పదేళ్ళు. చెప్పనంతకాలం ఏదో ఒకటి గొంతులో అడ్డం పడి ఉండేది. మా అమ్మకి చెప్పాక కాస్త ముద్ద దిగింది. నువ్వెప్పుడైనా పెట్టావా చుక్క?"

"నా చేతికి పెన్సిలెవరిస్తారక్కా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక ఎదురుమాట సంగతి. దానికి మూలం దర్జీ.

బక్క మనిషి. నెలకోసారి వచ్చేవాడు. ఓసారి గుండె దడ, ఓసారి కళ్ళు తిరగడం, ఓసారి అరికాళ్ళలో మంటలు. నోరు ఆగదు గనక వార్డులో కుట్టుమిషను అని పేరు పెట్టారు. ఆ రోజు కడుపునొప్పి అని వచ్చాడు. దారంతా తన బాకీ జాకెట్ల గురించి చెబుతూనే ఉన్నాడు. లిఫ్టు గడప దగ్గర నా మణికట్టు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాత మిషను ఆగిపోయింది. పైకి రాగానే అక్కకి చెప్పాను.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు తన పరివారంతో రౌండుకొచ్చాడు. చేయి మంచిది, నోరు కారం. "మన కుట్టుమిషను వచ్చిందా! ఈసారి ఏ పార్టు అరిగింది?" అన్నాడు. అందరూ నవ్వారు. దర్జీ కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

అక్క నవ్వలేదు. "డాక్టరుగారూ, ఇది భయం కాకపోతే ఇంకేమై ఉంటుంది?"

"సిస్టర్, నాకు పరీక్ష పెడుతున్నారా?"

"మీరు పాసయి ముప్పయ్యేళ్ళయింది, నేనేం పెడతానండీ. ఊరికే అడుగుతున్నా. ఈయన్ని మీరు ఇంతకుముందు చూడలేదనుకోండి. ఇవాళే మొదటిసారి వచ్చాడనుకోండి. అప్పుడీ కడుపుని ఏం చేసేవారు?"

వార్డంతా బిక్కచచ్చిపోయింది. పెద్ద డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. వంగి కడుపు నొక్కి చూశాడు. "మెత్తగానే ఉంది. ఏమీ లేదు."

"అయ్యుండొచ్చు. కానీ ఈ తమ్ముడు ఏదో చూశాడు, ఒక్కసారి వినండి."

"ఎవరు? బండి తోసేవాడా?"

"బండి తోసేవాడే."

ముందుకొచ్చాను. ఇద్దరు జూనియర్లు మూతి మూసుకుని నవ్వుతున్నారు. గడప సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను. పెద్ద డాక్టరు నా వైపు ఎగాదిగా చూసి, "పద, చూద్దాం" అన్నాడు. దర్జీని బండి మీదకి ఎక్కించి, కోటు చేతులు పైకి మడిచి, తనే తోశాడు. గడప ఒకసారి దాటించాడు. వెనక్కి లాగి మళ్ళీ దాటించాడు. రెండుసార్లూ కుట్టుమిషను ఆగింది. మూడోసారి దాటించకుండానే, "ఆపరేషన్ గది ఖాళీ చేయించండి" అన్నాడు. పేగు చివర తోక చీముపట్టి పగలడానికి సిద్ధంగా ఉందట.

మర్నాడు రౌండు మొదలెట్టకముందే అందరి ముందూ అన్నాడు. "నిన్న నాకు కోపం వచ్చింది. ఇవాళ కూడా కొంచెం ఉంది. కానీ కోపం నాది, కడుపు అతనిది. ఇకనుంచి ఈ వార్డులో రోజుకొకరు నాకు ఎదురుమాట చెప్పాలి. వంతులు వేసుకోండి. సిస్టర్, ఊడ్చేవాళ్ళతో సహా."

తలుపు పక్కన పలక మీద అక్క వంతులు రాసింది. అందరి పేర్లూ రాసి, నా చోట చిన్న చక్రాల బండి బొమ్మ గీసింది.

"చదవడం వచ్చక్కా. ఐదు దాకా వెళ్ళాను."

"తెలుసులే. బొమ్మయితే వరండా చివర నుంచే కనపడుతుంది. వంతు తప్పించుకోలేవు."

నియమం ఒక్కటే. ముందు కళ్ళతో చూసింది చెప్పాలి, తర్వాతే అనుకున్నది చెప్పాలి. మొదట్లో నవ్వులాటగానే ఉండేది. ఊడ్చే ఆవిడ మొదటి వంతున కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆరో నంబరాయన్ని నీళ్ళు బాగా తాగమంటున్నారు దొరా. మూడు రోజులనించీ ఆయన కూజా బోర్లించే ఉంది" అంది. పెద్ద డాక్టరు తలకాయ పట్టుకున్నాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు డాక్టరు మాటే నెగ్గేది. అక్క ఓడినప్పుడు, "నేనోడాను, రోగి బాగున్నాడు. ఇంతకంటే మంచి బేరం ఏముంది?" అనేది. వాళ్ళిద్దరూ రోగి కాళ్ళ వైపు మంచం కమ్మీ మీద చేతులానించి వాదించుకుంటుంటే చూడముచ్చటగా ఉండేది. గొంతు లేచేది గానీ మాట జారేది కాదు. నా వంతు రోజున నేను తల దువ్వుకుని వచ్చేవాణ్ణి. నవ్వకండి. ఇంట్లో నా పిల్లలే నా మాట వినరు, అక్కడ ఏడుగురు చదువుకున్నవాళ్ళు నా నోటి మాట కోసం చూసేవారు. అలా ఏడేళ్ళు గడిచాయి.

ఇప్పుడు మా చెల్లెలి మొగుడి గురించి చెప్పాలి.

గోడలకి రంగులేసేవాడు. పని బాగా చేసేవాడు, తాగుడు ఇంకా బాగా తాగేవాడు. మా చెల్లెలి ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది. "తలుపులో పడి నలిగింది అన్నయ్యా" అంటుంది. ఏ తలుపో నాకు తెలుసు.

ఆ రోజు ఏడింటికి కింద క్యాజువాలిటీ నుంచి పిలుపొచ్చింది. వెళ్తే ఇతనే. పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతూ, వాసన కొడుతూ, నోటికొచ్చింది తిడుతున్నాడు. నన్ను చూడగానే, "ఏం బావా, మెల్లిగా తొయ్యి. నీ చెల్లెల్ని ఇచ్చావు గానీ దానికి బుద్ధి ఇవ్వడం మర్చిపోయావు" అన్నాడు.

బండి లిఫ్టు వైపు తిప్పాను. తోశాను. వరండా పొడుగునా తిడుతూనే ఉన్నాడు. లిఫ్టు గడప వచ్చింది. బండి కుదిపింది.

నోరు మూసుకుంది.

తలుపులు పడ్డాయి. లిఫ్టులో మేమిద్దరమే. అతని నడినెత్తి కనపడుతోంది, చెమట పట్టి. నాకు అది కనపడలేదు, చెల్లెలి వంకర మణికట్టు కనపడింది. తలగడ కింద నుంచి కాగితాలు సగం బయటికొచ్చి ఉన్నాయి, వాటికి దారంతో కట్టిన పెన్సిలు వేలాడుతోంది. తీసుకుని మూల మీద చుక్క పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే ములుకు విరిగింది.

మా వార్డులో చుక్కలు పోయి ఏళ్ళయింది గానీ కింద పోలేదు. అక్కడ నుంచి కొత్తగా మా వార్డుకొచ్చిన కుర్ర డాక్టరు ఆ చుక్క చూసి తలాడించాడు. గ్యాసుకి సూదిమందు ఇచ్చాడు. తొమ్మిదయ్యేసరికి మా బావ నొప్పి కాస్త సర్దుకున్నట్టు కదలకుండా పడుకున్నాడు.

రౌండు వచ్చింది. "తాగి వచ్చాడండీ. ఇప్పుడు నిద్రపోతున్నాడు" అన్నాడు కుర్ర డాక్టరు. పెద్ద డాక్టరుకి ఆపరేషన్‌కి వేళయింది. వాసన చూశాడు, కాగితం చూశాడు, దుప్పటి తియ్యలేదు.

అక్క అవతలి మంచం దగ్గర కట్టు మారుస్తూ, తడి చేతులతోనే వచ్చింది. మా బావ మొహం చూసింది. పలక వైపు తిరిగి చూసింది. బండి బొమ్మ.

"ఇవాళ నీ వంతు తమ్ముడూ. దారిలో ఏం చూశావ్?"

"దారంతా అరుస్తూనే వచ్చాడక్కా. అన్నీ బూతులు."

"గడప దగ్గర?"

"అక్కడా అంతే."

రెండు మాటలు. అక్క నా మొహం వంక ఒక్క క్షణం చూసింది. ఏడేళ్ళలో నేను చూశానన్న మాట ఒక్కసారి కూడా తప్పలేదు. తల ఊపింది. అందరూ తర్వాతి మంచానికి కదిలారు.

రెండు గంటలవేళ అతని ఒళ్ళు చల్లబడింది. పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చి దుప్పటి లాగేస్తే, పొట్ట చెక్కలా ఉంది. లోపల పుండు పగిలి గంటలైందట. నేనే తోశాను ఆపరేషన్ గదికి. గడప దాటించేటప్పుడు నేనే ఊపిరి బిగబట్టాను.

చెల్లెలు రెండు కాళ్ళకి రెండు రకాల చెప్పులతో పరిగెత్తుకుంటూ వచ్చింది. వంకర చేత్తోనే నా చొక్కా పట్టుకుని, "అన్నయ్యా, బతుకుతాడా? చెప్పు అన్నయ్యా, బతుకుతాడు కదూ?" అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను చెల్లెలి తరఫున వేసిన శిక్ష పోయి పోయి చెల్లెలి మీదే పడింది. అక్క దూరంగా నిలబడి మా ఇద్దర్నీ చూసింది. ఆ మనిషి నాకేమవుతాడో ఆమెకి తెలిసింది అప్పుడే.

బతికాడు. కానీ నలభై రోజులు మంచం దిగలేదు.

వారం తిరక్కుండా ఆఫీసు గదిలో విచారణ పెట్టారు. కుర్చీలు మోసింది నేనే. మోసి తలుపు దగ్గర నిలబడ్డాను. బల్ల మీద ఆ కాగితాలున్నాయి.

"ఈ చుక్క ఎవరు పెట్టారు?" అన్నాడు ఆఫీసరు.

కుర్ర డాక్టరు తల అడ్డంగా ఊపాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయాయి. అక్క కాగితాలు దగ్గరికి లాక్కుంది. చుక్క పైన కుడి మూల లేదు, కింద ఎడమ మూల ఉంది. ఆమె ఆ కాగితాన్ని మెల్లిగా తలకిందులు చేసింది. చుక్క సరిగ్గా కుడి మూలకి వచ్చింది. తలగడ కింద పెట్టిన కాగితం తలకిందులుగా కనపడేది ఆసుపత్రిలో ఒక్కడికే. తల వైపు నిలబడి తోసేవాడికి.

అక్క నా వైపు చూడలేదు. తెలిసిపోయిందని నాకు అందుకే తెలిసింది.

కాగితం మళ్ళీ మామూలుగా తిప్పేసింది. "వార్డు నాది. మంచం దగ్గరికి వచ్చి కూడా కాగితం చూడనిది నేను. చెడ్డ చుక్కే కాదు సార్, మంచి చుక్క కూడా ఉంటుంది. కొందరి మాట తప్పదని ముందే అనుకుంటాం. అనుకుని అడగడం ఆపేస్తాం. నేను ఆపేశాను" అంది.

"కాదు సిస్టర్" అన్నాడు పెద్ద డాక్టరు. "దుప్పటి తియ్యనిది నేను. తాగుడు వాసనకి నా ముక్కు పని చేసింది, చేయి పని చెయ్యలేదు. తప్పు నాది."

"మీ తప్పు మీరు రాసుకోండి డాక్టరుగారూ. నాది నన్ను రాసుకోనివ్వండి."

అక్కడ కూడా వాదించుకున్నారు వాళ్ళిద్దరూ. ఎవరి తప్పు వాళ్ళే లాక్కుంటూ. ఆఫీసరుకి విసుగొచ్చింది. డాక్టరు పేరు రాయడం కన్నా నర్సు పేరు రాయడం కలానికి తేలిక. బదిలీకి రాశాడు. పెద్ద డాక్టరు వద్దని రెండు ఉత్తరాలు పెట్టాడు. ఎక్కడికో, ఎప్పుడో మాత్రం ఆఫీసులో ఎవరూ మాకు చెప్పలేదు.

ఆ తర్వాత తొమ్మిది పొద్దులు.

రోజూ అదే మూడో మెట్టు మీద కూర్చునేది. రొట్టె సగానికి తుంచి నాకిచ్చేది. "కూర్చో తమ్ముడూ" అనేది. ఏం చూశావ్ అని మాత్రం అడగలేదు. ఊరికే కూర్చునేది, తల కొంచెం నా వైపు వంచి, వినబోతున్నట్టు. సాన పట్టేవాడి కథ నాకు చెప్పిన మనిషి. తలుపు బార్లా తీసి పెట్టింది. నేనేమో గుమ్మం బయటే నిలబడి వాతావరణం మాట్లాడేవాణ్ణి.

"చినుకు ఆగేలా లేదక్కా."

"ఆగదు."

"బావకి నిన్న కాస్త జావ పోశారు."

"చూశాను. మింగాడు."

అంతే. రొట్టె మట్టిలా తగిలేది నోటికి. ఒకరోజు ఆమె లేస్తూ, జేబులో చెయ్యి పెట్టి, ఏదో అనబోయింది. అనలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. ఆ చప్పుడు కోసం ఇప్పటికీ వరండాలో ఒక్కోసారి బండి ఆపుతాను. వేరేవాళ్ళ చెప్పులు వేరేగా మోగుతాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం చెల్లెలు మంచం పక్కన కూర్చుని ఆయనకి చెంచాతో పట్టిస్తోంది. మా బావ నన్ను చూసి, గొంతు లేక, "గడప దగ్గర బాగా నొప్పి పెట్టింది బావా ఆ రోజు" అన్నాడు. నింద కాదు. ఊరికే చెప్పాడు. నేను బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాను. రేపు చెప్పెయ్యాలి అనుకున్నాను. పనిపోతే పోనీ. "అక్కా, ఆ చుక్క నాది." నాలుగు మాటలు. ఇంటికి పోయేదాకా అవే అనుకుంటూ నడిచాను.

పదో పొద్దున ఐదింటికే బయల్దేరాను. సన్న చినుకు. దారిలో ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె తుంచి ఇస్తే తిన్నాను, ఇవాళ నేను తుంచి ఇవ్వాలి. ఇచ్చి చెప్పాలి. రొట్టెల కొట్టు తలుపు ఇంకా ఎత్తలేదు. అరుగు మీద నిలబడ్డాను. ఎత్తేసరికి ఆలస్యమైంది. మొదటి వాయి రొట్టె, వేడివేడిగా, చొక్కా లోపల పెట్టుకుని పరిగెత్తాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటి పది నిమిషాలు.

ఎవరూ లేరు. బట్టలుతికే ఆవిడ గుమ్మంలో దుప్పట్లు పిండుతోంది.

"అక్క రాలేదా ఇంకా?"

"ఇప్పుడే పోయింది కదయ్యా. ఆరింటి బస్సు ఆలస్యంగా వచ్చింది, గేటు ముందే ఎక్కేసింది. వాళ్ళమ్మని ముందే గేటు కాపలా గదిలో కూర్చోబెట్టి వచ్చిందంట. బదిలీ కాగితం నిన్ననే చేతికిచ్చారు. నీకు చెప్పలేదా?"

"నీకేమైనా చెప్పిందా? నా గురించి?"

"నాకేం చెప్తుంది? చివరి రోజైనా దుప్పట్ల గురించి తిడుతుందేమో అని చూశా. తిట్టలేదు. ఐదు కాకముందే, చినుకు మొదలవకముందే వచ్చి అక్కడ కూర్చుంది. ఆ వీధి వంక చూస్తా కూర్చుంది కూర్చుంది, లేచి పోయింది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తడిసిపోతావమ్మా, లోపలికి రా అన్నా. వినే మనిషా?"

మెట్లన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. మూడో మెట్టు మీద మాత్రం, ఒక మనిషి కూర్చున్నంత మేర, ఇంకా పొడిగా, తెల్లగా ఉంది. రొట్టె తీశాను. వేడి తగ్గలేదు. సగానికి తుంచాను. పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ తెల్లటి చోటు మీద ఒక చినుకు పడింది. తర్వాత ఇంకొకటి.